ఫ్రాన్సులో డొంకదారులు

టవలు ఎక్కడుందని అనిల్ బాత్రూములోంచి అరిచే సమయానికి నేను ఫ్రాన్సులో ఉన్నాను. బుర్గుండీలో, ఒక చర్చి వెనకనుంచి ఆవుల కొట్టాల పక్కగా కిందికి దిగే సన్నటి దారిలో, నూట నలభై ఏడో కిలోమీటరు దగ్గర. దారి మధ్యలో గడ్డి ఉందా లేదా అని కళ్ళు చికిలించి చూస్తున్నాను. "తలుపు వెనకాల కొక్కేనికి ఉంది చూడు" అన్నాను ఫ్రాన్సులోంచే. ఉంది. పదమూడేళ్ళుగా అక్కడే ఉంటోంది. ఆ కొక్కెం బిగించింది కూడా నేనే. అయినా మా ఇంట్లో వస్తువులు అనిల్‌కు తన కళ్ళతో కనిపించవు, నా నోటితోనే కనిపిస్తాయి.

నా ఉద్యోగమే దారులు చూడటం. ఇది రెండువేల ఇరవైరెండు మొదట్లో మాట. సింగపూర్‌లో ఐటీ ఉద్యోగాలు పొంగిపొర్లుతున్న రోజులు. రాఫెల్స్ ప్లేస్‌లో లిఫ్టు ఎక్కితే దిగేలోపు ఎవరో ఒకరు "మా దగ్గర ఖాళీలున్నాయి, వస్తారా" అని అడిగేవారు. మా కంపెనీకి ఫ్రాన్సునుంచి ఒక ప్రాజెక్టు వచ్చింది. అక్కడి పల్లెల్లో కంకర దారులమీద సైకిళ్ళు తొక్కడమంటే జనానికి పిచ్చి. నున్నటి తారురోడ్డు పక్కనే ఉన్నా దాన్ని వదిలేసి పొలాల మధ్య, అడవుల అంచున, రోజుకు అరవై డెబ్భై కిలోమీటర్లు తిరుగుతారు. వాళ్ళకు ఫోన్లో దారి చూపించే యాప్ మేం చేస్తున్నాం. మొత్తం నాలుగువందల పన్నెండు కిలోమీటర్లు. ఉపగ్రహం ఫొటోలు, తొక్కినవాళ్ళు తీసిన వీడియోలు చూసి ఏ ముక్కలో ఎలాంటి నేల ఉందో గుర్తులు పెట్టడం నా వంతు. వారానికి మూడు రోజులు ఈ పని బుకిట్ పంజాంగ్‌లో మా పద్నాలుగో అంతస్తు ఫ్లాట్లో, భోజనాల బల్లమీదే జరుగుతుంది. ఒకపక్క లాప్‌టాప్, ఇంకోపక్క సగం తుంచిన గోరుచిక్కుళ్ళు.

"నీ పని హాయి మల్లీ, ఇంట్లో కూచుని ఫ్రాన్సు చూడ్డమేగా" అంటాడు అనిల్. అతను బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూస్తాడు కాబట్టి అది పని. "కుర్చీలో కూచునే పనికి అలుపేందమ్మా" అని మా అత్తగారు ఫోన్లో ఆశ్చర్యపోతుంది. ఆఫీసులో మా మేనేజర్ సుధాకరరావు గారు మనవాడే, ఏలూరు వైపు. నాగమల్లేశ్వరి అనే నా పేరును 'నాగా' దగ్గర ఆపేశారు. మీటింగ్ మొదలయ్యే ముందు "నాగా, మినిట్స్ నువ్వు రాసేయ్, నీ ఇంగ్లీష్ నీట్‌గా ఉంటుంది" అంటారు. ఎవరి పుట్టినరోజయినా కేక్ ఆర్డరు కూడా నా నీట్ ఇంగ్లీషులోనే వెళ్ళాలి. ఫ్రాన్సువాళ్ళకు నా గుర్తుల గురించి వివరించేటప్పుడు మాత్రం ఆయన ఇంగ్లీష్ సరిపోతుంది.

కానీ ఆ పని నాకు ఎంత ఇష్టమో వీళ్ళెవరికీ తెలియదు. మాది సత్తెనపల్లి పక్కన పల్లెటూరు. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. నాన్న సైకిలు నాకంటే ఎత్తు. సీటు అందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒకపక్కకు వంచి తొక్కేదాన్ని. డొంకలో, నల్లరేగడిలో, ఇసక కలిసిన గరువు నేలలో, కొత్తగా పరిచిన కంకరమీద. ఏ నేలలో చక్రం ఏ చప్పుడు చేస్తుందో నా కాళ్ళకు తెలుసు. పదో తరగతి అయిపోగానే "ఇంక చాల్లే, పెద్దపిల్లవయ్యావు" అన్నారు. సైకిలు తమ్ముడికి వెళ్ళిపోయింది. నేను ఏడవలేదు, పోట్లాడలేదు. అలా ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పుడు కోపం వస్తుంది.

అందుకే ఫ్రాన్సు దారుల వీడియో మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. రెండు చక్రాల జాడలు, మధ్యలో గడ్డి, అటూ ఇటూ కంప. ఇది మా డొంక కదా! పనిలో తాత్కాలికంగా పెట్టే పేర్లు ఎవరిష్టం వాళ్ళవి. మా టీములో కుర్రాళ్ళు బిర్యానీల పేర్లు పెడతారు. నేను నా నాలుగు రకాల నేలలకు ఇంగ్లీషు అక్షరాల్లో డొంక, గరువు, కంకర, రేగడి అని పెట్టుకున్నాను. "మట్టి అని ఒక్కటి పెడితే చాలదా, నాలుగెందుకు?" అన్నారు సుధాకరరావు గారు. చాలదు. ఎండలో గరువుమీదా రేగడిమీదా చక్రం ఒకేలా పోతుంది. వానొస్తే గరువులో తొక్కుకుంటూ పోవచ్చు, రేగడిలో చక్రమే తిరగదు. ఒక్కోదాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా రాశాను. రేగడి కింద "తడిస్తే తొక్కొద్దు. దిగి సైకిలు భుజాన వేసుకోండి" అని రాశాను.

ఫ్రెంచి పేర్లు వాళ్ళు పంపాక ఇవి తీసేసి అవి పెట్టాలి. వాళ్ళు పంపారు కూడా. కానీ ఆ శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి సుచిత్రకు నూట రెండు జ్వరం. అనిల్‌కు ముఖ్యమైన కాల్. సుచికి తడిగుడ్డ వేస్తూ, ఒంటిచేత్తో, చెయ్యాల్సిన పనుల జాబితాలో అన్నిటికీ టిక్కులు పెట్టి పంపేశాను. పేర్లు మార్చడం అనే పని దగ్గర కూడా టిక్కు పెట్టాను. మార్చలేదు.

తప్పు నాదే. దాన్ని కప్పిపుచ్చను. మంగళవారంనాడు సుధాకరరావు గారి ముఖం చూడగానే సంగతి అర్థమైంది. పన్నెండుమంది ఫ్రెంచివాళ్ళు ప్రయోగానికి మూడు రోజులు ఆ యాప్ పట్టుకుని తిరిగారు. వాళ్ళ ఫోన్లలో బుర్గుండీ నిండా డొంకలూ రేగళ్ళూ.

"తెలుగు మాటలు క్లయింట్‌కి వెళ్ళడమేంటి నాగా? పరువు పోయింది. కాల్‌లో నువ్వు మాట్లాడకు, నేను హ్యాండిల్ చేస్తా" అన్నారు.

కాల్‌లో అటువైపు ఒడీల్ ఉంది. అరవై దాటిన ఆవిడ, ఆ సైకిల్ యాత్రల కంపెనీ యజమాని, తెల్లటి పొట్టి జుట్టు. సుధాకరరావు గారు ఆవిడకు మాట్లాడే అవకాశమివ్వకుండా "ఇది మా టెస్టింగ్ అమ్మాయి నాగా చేసిన పొరపాటు, చాలా విచారిస్తున్నాం" అని ఐదు నిమిషాలు విచారించారు. ఆవిడ ఓపిగ్గా విని, "రేగడి అని పెట్టింది ఎవరు?" అని అడిగింది.

నేను చెయ్యెత్తాను.

"రెండో రోజు వాన పడింది. ఎప్పుడు వాన పడినా మావాళ్ళు కనీసం ముగ్గురు బురదలో చక్రాలు ఇరుక్కుని నాకు ఫోన్ చేస్తారు. ఈసారి ఒక్కరూ చెయ్యలేదు. రేగడి రాగానే దిగి మోసుకెళ్ళారట. ఇప్పుడు మా మెకానిక్కు కూడా 'ఇది రేగడా డొంకా' అని అడుగుతున్నాడు. మేం పంపిన ఫ్రెంచి పేర్లు వద్దు, ఇవే ఉంచండి. ఇంతకీ నువ్వు ఈ ఊళ్ళకు ఎప్పుడు వచ్చావు?" అంది.

"రాలేదు" అన్నాను.

ఆవిడ, యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు మే నెలలో మొత్తం దారిని ఒకసారి తొక్కి సరిచూడాలని, రానూపోనూ తొమ్మిది రోజులు పడుతుందని, మా టీమునుంచి ఒకరు రావాలని అంది. "నేను వస్తాను" అన్నారు సుధాకరరావు గారు వెంటనే. "మీరు సైకిలు తొక్కుతారా?" అడిగింది ఒడీల్. ఆయన మ్యూట్‌లోకి వెళ్ళిపోయారు. "నాగా, నువ్వు?"

"తొక్కుతాను" అన్నాను. సైకిలు ముట్టుకుని అప్పటికి ఇరవైమూడేళ్ళు.

ఆ సాయంత్రమే కింది అంతస్తులో మాజిదా తలుపు కొట్టాను. మాజిదా హైదరాబాదీ. పాలిటెక్నిక్‌లో లెక్కలు చెబుతుంది. తెల్లవారకముందే హిజాబ్ మీద హెల్మెట్ పెట్టుకుని సైకిలుతో లిఫ్టులో దిగే మనిషి. నా కథంతా విని పడీపడీ నవ్వింది.

"ఆరు వారాలుంది గదా, దానికి గింత పరేషాన్ ఎందుకు? మా కొడుకు జహీర్ సైకిల్ బాల్కనీల ఊరికే తుప్పు పడ్తుంది. రేపు పొద్దుగాల ఆరింటికి కిందికి రా" అంది.

"పడిపోతానేమో."

"పడ్తవ్. లేస్తవ్. అంతే గదా."

మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే పాత రైలుమార్గం ఉంది. పట్టాలు ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు చెట్ల మధ్య ఎర్రమట్టీ కంకరా కలిసిన పొడుగాటి దారి. పదేళ్ళుగా నేను దాన్ని లైట్ రైలు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ అడుగు పెట్టలేదు. మొదటి ఉదయం మాజిదా వెనకనుంచి సీటు పట్టుకుంది. రెండుసార్లు పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది. మూడోసారి చక్రాల కింద కంకర కరకరమంది. ఆ చప్పుడు కాళ్ళలోంచి ఎక్కి నేరుగా పదిహేనేళ్ళ నాగమల్లేశ్వరి దగ్గరికి వెళ్ళింది. మాజిదా ఎప్పుడు వదిలేసిందో తెలియదు. పాత ఇనపవంతెన దాటేసరికి గట్టిగా నవ్వుతున్నాను, ఒక్కదాన్నే. ఎదురొచ్చిన చైనా తాతగారు కూడా నన్ను చూసి నవ్వేశాడు. ఎంత హాయిగా ఉందంటే, ఇంట్లో పాలు పొయ్యిమీద పెట్టి వచ్చానా లేదా అనే ఆలోచన కూడా గంటసేపటిదాకా రాలేదు.

మోచేతి కట్టు చూసి అనిల్ అడిగినప్పుడు చెప్పాను. "సైకిలా? నువ్వా?" అని నవ్వాడు. ఫ్రాన్సు సంగతి చెప్పేసరికి నవ్వు ఆగింది.

"నేను వద్దంటున్నానా మల్లీ? ఇంత పెద్ద ఆపర్చునిటీ. కానీ ఎలా కుదురుద్ది, నువ్వే చెప్పు. సుచికి టెస్టులు, ట్యూషన్. పొద్దున బాక్సు ఎవరు కడతారు?"

"అమ్మా, యూ కెన్ లా! నాన్నా ఆల్సో కెన్, బట్ స్లో" అంది పదకొండేళ్ళ సుచిత్ర తన సింగపూర్ ఇంగ్లీషులో, పుస్తకంలోంచి తలెత్తకుండా.

అనిల్ చెడ్డవాడు కాడు. అదే నా ఇబ్బంది. చెడ్డవాడయితే పోట్లాడి వెళ్ళిపోవచ్చు. ఇతను అన్నిటికీ సరే అంటాడు, ఆ సరే కింద ఉన్న పనులన్నీ నావైపుకు జరుపుతాడు. నాలుగు రోజులు ఆలోచించి ఆదివారం పొద్దున చాలా సంతోషంగా నా దగ్గరికొచ్చాడు. "సమస్య తీరిపోయింది. అమ్మను పిలిపిస్తున్నా. కాదంటే మీ అమ్మను. ఎవరికి వీలయితే వాళ్ళు. వాళ్ళకూ సింగపూర్ చూసినట్టుంటుంది, నువ్వు హాయిగా వెళ్ళిరావచ్చు. ఎలా ఉంది?"

ఇక్కడ మనవాళ్ళందరూ చేసేది అదే. పురుడొస్తే అమ్మ, పరీక్షలొస్తే అత్తగారు. విజిట్ పాస్‌మీద దిగుతారు, సూట్‌కేసులో పచ్చళ్ళతో. సుచిత్ర పుట్టినప్పుడు మా అమ్మ వచ్చి తొంభై రోజులుంది. పొద్దున నాకు పథ్యం, అనిల్‌కు టిఫిను, మధ్యాహ్నం బిడ్డకు నీళ్ళు పొయ్యడం, సాయంత్రం అందరి బట్టలు. వారానికోసారి కింద మార్కెట్టు. ఈ దేశం చుట్టూ సముద్రమే. అమ్మ తొంభై రోజులుండి, సముద్రం చూడకుండా వెళ్ళిపోయింది. తీసుకెళ్ళాలని మాకెవరికీ తోచలేదు. ఊళ్ళో ఎవరడిగినా "సింగపూరు బాగుందమ్మా, లిఫ్టు బాగా పనిచేసుద్ది" అని చెప్పేదట. తమ్ముడు ఆ మాట చెప్పినప్పుడు నేనూ నవ్వాను. ఆ ఆదివారం మాత్రం అది గుర్తొస్తే నవ్వు రాలేదు.

"వద్దు" అన్నాను.

"ఏం, ఎందుకొద్దు?"

"మీ అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మా అమ్మకు అరవై ఆరు. నేను తొమ్మిది రోజులు లేకపోతే ఈ ఇంట్లో నిలబడటానికి ఇంకో ఆడమనిషి విమానమెక్కి రావాలా? అలా అయితే నేను వెళ్ళినట్టే కాదు అనిల్. సుచికి నాన్నవి, నువ్వున్నావుగా."

"నాకు ఏది ఎక్కడుందో కూడా తెలీదు" అన్నాడు. కోపంగా కాదు, నిజం చెప్పినట్టు. పాపం, నిజమే.

ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ వంటింట్లోకెళ్ళాను. ఫ్రిజ్‌మీద తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. సుచి ట్యూషను, అనిల్ పళ్ళ డాక్టరు, అత్తగారి బీపీ మాత్రలకు ఫోన్ చెయ్యడం, సిలిండరు, అద్దె, ఏకాదశి. గళ్ళన్నీ నా చేతిరాతే. ఒక్క గడిలోనూ నేను లేను. జనవరిదాకా వెనక్కి తిప్పాను, అక్కడా లేను. సుచి ఎర్ర స్కెచ్‌పెన్ను తీసుకుని మే నెల కాగితం తిప్పి, తొమ్మిదినుంచి పదిహేడు దాకా తొమ్మిది గళ్ళమీదుగా గీత గీశాను. గీత పైన 'మల్లి ఉండదు' అని రాశాను. రాయడానికి నాలుగు సెకండ్లు పట్టింది. గీత తిన్నగానే వచ్చింది.

ఆ తర్వాతి నెలంతా మా ఇంట్లో కొత్త రకం పరీక్షలు నడిచాయి. ప్రతి శని ఆదివారాలు నేను మాజిదాతో దారిమీద, అనిల్ వంటింట్లో. ఏది ఎక్కడుందో చెప్పేదాన్ని కాదు. నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. అది గుట్ట ఎక్కడం కంటే కష్టంగా ఉండేది. ఇంగువ దొరక్క ఒక ఆదివారం ఇల్లంతా గాలించి చివరికి ఇంగువ లేకుండానే పప్పు పెట్టాడు. బాగానే ఉంది. బాగుందని చెప్పాను, అంతకుమించి పొగడలేదు. నా పప్పును పదమూడేళ్ళలో ఎవరు పొగిడారని?

ఫ్రాన్సులో మొదటి రోజు నా ఫోనుకు పదకొండు ప్రశ్నలు వచ్చాయి. సుచి బూట్లు ఎక్కడ, మిక్సీ మూత ఎక్కడ, పెరుగు తోడు ఎక్కడ. అన్నిటికీ కలిపి ఒకే జవాబు పంపాను: "వెతుకు." రెండో రోజు నాలుగు వచ్చాయి. మూడో రోజు ఒక ఫొటో వచ్చింది, మాడిపోయిన గిన్నె, దాని పక్కన సుచి బొటనవేలు పైకెత్తి. నాలుగో రోజు ఏమీ రాలేదు. సిగ్నల్ లేదేమోనని చూశాను. నిండా ఉంది.

ఆ నాలుగో రోజే నూట నలభై ఏడో కిలోమీటరు. చర్చి వెనకనుంచి, ఆవుల కొట్టాల పక్కగా. దారి మధ్యలో గడ్డి ఉంది! మోకాలి ఎత్తు గడ్డి, దాన్లో పసుపుపచ్చ పూలు. నేను పద్నాలుగో అంతస్తులో గోరుచిక్కుళ్ళు తుంచుతూ చూసినదాన్ని ఇప్పుడు నా పాదాలు రాసుకుంటూ వెళ్తున్నాయి. "డొంక!" అని అరిచాను. ముందు వెళ్తున్న ఒడీల్ వెనక్కి తిరక్కుండానే "దోంకా!" అని బదులు అరిచింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా అరుచుకుంటూ వాగుదాకా దిగాం. అక్కడ వాన మొదలైంది. వాగు దాటాక నేను గుర్తు పెట్టినట్టే రేగడి. దిగి, సైకిలు భుజాన వేసుకుని, నేను రాసిన వాక్యాన్నే నేను పాటించాను. అర కిలోమీటరు. భుజం పడిపోయింది. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఏ బరువూ మొయ్యలేదు.

అవతలి గట్టుమీద వాన తగ్గింది. ఒడీల్ ఫ్లాస్కులోంచి కాఫీ వంచుతుంటే నేను పుల్లతో చక్రానికి అంటిన బురద గీకుతూ అమ్మకు ఫోన్ చేశాను.

"యాడున్నావే?" అంది.

"ఫ్రాన్సులో. సైకిలు తొక్కుతున్నా. అచ్చం మన హైస్కూలు డొంకలా ఉందమ్మా."

"అంత దూరం పోయి డొంకలో తిరుగుతున్నావంటే నిన్నేమనాలే!" అని కాసేపు నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "మరి అల్లుడికీ పిల్లకీ అన్నం ఎవరు పెడతన్నారు? నన్ను పిలిస్తే వచ్చేదాన్నిగా" అంది.

"అల్లుడే వండుతున్నాడు. అమ్మా, డిసెంబర్లో రా. టికెట్టు తీస్తాను."

"ఏం? ఎవరికన్నా బాగాలేదా?"

"అందరూ బాగున్నారు. నిన్ను వంటింట్లోకి రానియ్యను. సముద్రం చూపిస్తా. పాత రైలుదారిలో సైకిలెక్కించి వెనక కూచోబెట్టుకుని తిప్పుతా."

అమ్మ నిజంగానే అర్థంకాక అడిగింది.

"వంట చెయ్యకపోతే మరి నేనెందుకే అక్కడికి?"

నా చేతిలో పుల్ల ఆగిపోయింది. చక్రంనుంచి రేగడిమట్టి ముద్ద ఒకటి జారి గడ్డిలో పడింది.

"ఊరికే రావే అమ్మా" అన్నాను. "ఊరికే."